మండపం లైట్లు కట్టేవాళ్లకు: కరెంట్ ఉండగా ఎల్ఈడీ తగిలించొద్దు

వినాయక చవితి ఇంకా మొదలే కాలేదు, మా వీధి కుర్రాడు ఒక్క సాయంత్రంలో తొమ్మిది ఎల్ఈడీలు కాల్చేశాడు. మూడు వాట్లవి, మూడేసి చొప్పున సిరీస్‌లో. మాడ్యూల్ బాగుంది, లెక్క బాగుంది, సోల్డరింగ్ కూడా నాకంటే నయం. చేసిన తప్పు ఒక్కటే. సప్లై ఆన్‌లో ఉంచి ఎల్ఈడీ వైరు తగిలించాడు. తళుక్కుమంది, పోయింది. ఎల్ఈడీలు నాసిరకమనుకుని ఇంకో మూడు పెట్టాడు. మళ్లీ అదే పని.

షాక్, వాన, ఎర్తింగ్ గురించి మీకు తెలిసిందే, వదిలేస్తున్నా. చౌకగా దొరికే ఎల్ఎం2596 మాడ్యూల్‌ను (వోల్టేజీ తగ్గించే చిన్న బోర్డు) స్థిరమైన కరెంట్ ఇచ్చేలా మార్చుకునేవాళ్ల కోసం ఇది.

ముందు లోపల ఏం జరుగుతుందో

ఎల్ఈడీ వేడెక్కే కొద్దీ దానికి కావాల్సిన వోల్టేజీ తగ్గుతుంది. మీరు వోల్టేజీని కదలకుండా పట్టుకుంటే కరెంట్ పెరుగుతుంది, వేడి ఇంకా పెరుగుతుంది. అందుకే కరెంట్‌ను పట్టుకోవాలి. మాడ్యూల్ మీది పొటెన్షియోమీటర్ (తిప్పి వోల్టేజీ మార్చేది), దాని జత రెసిస్టర్ తీసేస్తాం. ఎల్ఈడీ మైనస్‌కీ గ్రౌండ్‌కీ మధ్య 1.8 ఓమ్ రెసిస్టర్ పెట్టి, దాని పై కొసను 1 కిలో ఓమ్ ద్వారా చిప్ నాలుగో కాలికి ఇస్తాం. 1.23 భాగించు 1.8, అంటే దాదాపు 0.68 ఆంపియర్లు. ఆ రెసిస్టర్ 0.84 వాట్లు తాగుతుంది కాబట్టి 2 వాట్లది వేయండి. పావు వాట్ది పెడితే అదే మొదట మాడుతుంది.

చిప్‌కు తెలిసిందల్లా ఒకటే: నాలుగో కాలు మీద 1.23 వోల్టులు నిలబెట్టాలి. ఎల్ఈడీ ఊడితే రెసిస్టర్‌లో కరెంట్ లేదు, నాలుగో కాలు మీద సున్నా. పాపం చిప్ ఇంకా చాలలేదనుకుని పెంచుకుంటూ పోతుంది, అవుట్‌పుట్ దాదాపు సప్లై ఇచ్చే 24 వోల్టులకు చేరుతుంది. అవుట్‌పుట్ కెపాసిటర్ కూడా ఆ 24తో నిండి కూర్చుంటుంది. అప్పుడు మీరు 10 వోల్టుల ఎల్ఈడీ వరుసను తగిలిస్తే కెపాసిటర్‌లో ఉన్నదంతా ఒక్కసారిగా దాని మీద పడుతుంది. చిప్ తేరుకునేలోపు మీ డబ్బులు పోయాయి.

కరెంట్ ఉండగా ఎల్ఈడీ తగిలించొద్దు.

ఆపేశాక కూడా ఆగండి

స్విచ్ ఆపినంత మాత్రాన కెపాసిటర్ ఖాళీ కాదు. లోడ్ లేకపోతే ఛార్జ్ చాలాసేపు అలాగే ఉంటుంది. 1 కిలో ఓమ్ రెసిస్టర్‌ను అవుట్‌పుట్ మీద కొన్ని సెకన్లు ఆనించి, మీటర్‌తో చూసి, 1 వోల్ట్ కంటే తక్కువైతేనే వైరు ముట్టండి.

12 వోల్టుల జీనర్ డయోడ్‌ను (వోల్టేజీ ఆ హద్దు దాటితే కరెంట్‌ను వదిలేది), గీత ఉన్న వైపు అవుట్‌పుట్ ప్లస్‌కు, రెండో వైపు నాలుగో కాలికి వేయండి. ఎల్ఈడీ ఊడినా అవుట్‌పుట్ 13 దగ్గర ఆగుతుంది. నాలుగో కాలికి ముందున్న ఆ 1 కిలో ఓమ్ లేకపోతే జీనర్ ఉన్నా లేనట్టే. జీనర్ ఉంది కదా అని కరెంట్ ఉండగా తగిలించారో, 13 కూడా 10 కంటే ఎక్కువే.

ఇక మిగతావి, వరుస లేకుండా

చిప్ మీద ఏడీజే (వోల్టేజీ మార్చుకోగలది) అని ఉండాలి. 5 వోల్టులది, 12 వోల్టులది ఈ పనికి రావు.

మొదటిసారి ఎల్ఈడీ పెట్టకండి. 10 ఓమ్, 10 వాట్ల రెసిస్టర్ పెట్టి చూడండి. దాని మీద 6.8 వోల్టుల దగ్గర వస్తే సరే. అంతకంటే బాగా ఎక్కువ వచ్చిందా, ఫీడ్‌బ్యాక్ (నాలుగో కాలికి వెళ్లే దారి) తెగిపోయిందన్నమాట.

సిరీస్‌లో మీటర్ పెట్టి, ఆన్‌లో ఉండగా ప్రోబ్ లాగకండి. లాగి మళ్లీ ఆనిస్తే అదీ తగిలించడమే.

వైరు మెలిపెట్టి టేపు చుట్టకండి. డీజే దరువుకు వదులై, తగిలీ తగలక, మీరు లేనప్పుడు అదే తప్పు అదే చేస్తుంది. సోల్డర్ చేయండి.

ఎల్ఈడీ మైనస్ గ్రౌండ్ కాదు. మండపం ఇనుప ఫ్రేముకు తాకనివ్వకండి. ఆ ఫ్రేము సప్లై మైనస్‌కు ఎక్కడ తగిలినా కరెంట్ 1.8 ఓమ్ రెసిస్టర్‌లోకి రాకుండా పక్కదారిన పోతుంది, చిప్ మళ్లీ గుడ్డిదవుతుంది, ఈసారి 24 వోల్టులూ ఎల్ఈడీల మీదే. జీనర్ ఉంటే కొంత నయం, అంతే. పోయినేడు పక్క వీధిలో థర్మోకోల్ తోరణం మూల నల్లబడింది ఇలాగే.

హీట్ సింక్‌ను (ఎల్ఈడీ వేడి లాగే లోహపు ముక్క) థర్మోకోల్‌కు అంటించొద్దు. బట్టకు కూడా.

12 వోల్టుల బ్యాటరీతో మూడు ఎల్ఈడీలు ఆశించొద్దు. రెండే.

వెలుగుతున్నదాన్ని దగ్గర నుంచి చూడొద్దు.

పిల్లలెవరైనా "అన్నా, ఒకటి వెలగట్లేదు" అంటే ముందు ప్లగ్ పీకండి. తర్వాతే నిచ్చెన ఎక్కండి.