సెయింట్ హెలెన్స్ చూడాలంటే ముందు నదిని చూడండి

అమెరికాలో పోర్ట్‌లాండ్, సియాటిల్ వైపు పిల్లల దగ్గరికి వచ్చే తల్లిదండ్రులను వేసవిలో ఒక్కరోజైనా సెయింట్ హెలెన్స్ అగ్నిపర్వతానికి తీసుకెళ్తారు. మమ్మల్నీ అమ్మాయి, అల్లుడు తీసుకెళ్లారు. మొదటిసారి కారు దిగి, కొండ ముందు ఫోటోలు దిగి, కట్టుకెళ్లిన పులిహోర తిని తిరిగొచ్చేశాం. ఆ రోజు కొండ సగం మబ్బులోనే ఉంది. ఇంటికొచ్చాక "తాతా, అక్కడ ఏం చూశావ్?" అని మనవడు అడిగాడు. చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. కర్నూలు జిల్లాలో ముప్పై రెండేళ్లు ఇరిగేషన్‌లో, ఎక్కువ కాలం కేసీ కెనాల్ మీద పనిచేసినవాణ్ని. నీళ్లు మట్టిని ఎలా మోస్తాయో, ఎక్కడ వదిలేస్తాయో చూడటమే నా ఉద్యోగం. అలాంటిది ఆ నేల మీద నడిచి కూడా ఏమీ చూడకుండా రావడం నాకు మింగుడుపడలేదు. తర్వాత మూడుసార్లు వెళ్లాను. కొండను చూడటానికి ఐదు నిమిషాలు చాలు. చుట్టుపక్కల నేలను అదేం చేసిందో చూడటానికి మాత్రం ఒక పూర్తి రోజు, వీలైతే రెండు రోజులు పెట్టుకోండి.

జూలై నుంచి అక్టోబరు మొదటి వారాల వరకు మంచి సమయం. అంతకుముందు వెళ్తే తూర్పు వైపు రోడ్ల మీద మంచు ఉంటుంది. బయల్దేరే ముందు రోజు రాత్రి రెండు పనులు చేయండి. 1980కి ముందు, కొండకు ఉత్తరాన ఉన్న స్పిరిట్ లేక్ అనే చెరువు ఒడ్డు నుంచి తీసిన కొండ ఫోటో ఒకటి వెతికి ప్రింట్ తీసుకోండి. జపాన్ ఫ్యూజీ పర్వతంలా నున్నగా, నెత్తిన మంచుతో ఉంటుంది. అప్పటి ఎత్తు 9,677 అడుగులు. పేలుడు తర్వాత మిగిలింది 8,363 అడుగులు. ఆ ఫోటో చేతిలో లేకపోతే ఎంత పోయిందో కళ్లకు అందదు.

రెండోది, ఆ రోజు ఏది ముందు జరిగిందో, ఏది తర్వాత జరిగిందో మనసులో పెట్టుకోండి. 1980 మార్చిలో కొండ కింద భూకంపాలు మొదలయ్యాయి. లోపలికి చేరిన శిలాద్రవం ఉత్తరం వైపు కొండను రోజుకు ఐదడుగుల చొప్పున బయటికి ఉబ్బించింది. మే 18, ఆదివారం ఉదయం 8 గంటల 32 నిమిషాలకు 5.1 తీవ్రతతో భూమి కంపించింది. ఉబ్బిన ఆ ఉత్తర భాగం మొత్తం జారిపోయింది. అది సుమారు రెండున్నర ఘన కిలోమీటర్లు. మన లెక్కలో 88 టీఎంసీలు. తుంగభద్ర డ్యామ్ కట్టినప్పుడు దాని నిల్వ 133 టీఎంసీలు. డెబ్బై ఏళ్ల పూడికతో పోయింది 28 టీఎంసీల దాకా. అంతకు మూడింతల రాయీ మట్టీ ఇక్కడ నిమిషాల్లో కదిలింది. మనిషి చూసి నమోదు చేసిన కొండచరియల్లో ఇంతకంటే పెద్దది లేదు.

కొండ పక్క ఊడిపోవడంతో లోపల అణిగి ఉన్న వేడి వాయువులు, రాళ్లు పైకి వెళ్లకుండా ఉత్తరం వైపు అడ్డంగా దూసుకొచ్చాయి. గంటకు కనీసం 480 కిలోమీటర్ల వేగం. ఆ తర్వాతే బూడిద స్తంభం 24 కిలోమీటర్ల ఎత్తుకు లేచింది. కొండ మీది మంచు కరిగి బురదై నదుల్లో పడింది. 57 మంది చనిపోయారు. పది కిలోమీటర్ల దూరంలో కొండను గమనిస్తూ కూర్చున్న డేవిడ్ జాన్‌స్టన్ అనే 30 ఏళ్ల శాస్త్రవేత్త రేడియోలో కబురు చెప్పాడు. అవే ఆయన చివరి మాటలు. ఆ రోజు పది గంటలకు ఊరివాళ్లను సామాన్లు తెచ్చుకోవడానికి లోపలికి పంపాలనుకున్నారు. గంటన్నర ఆలస్యంగా పేలి ఉంటే ఏమయ్యేదో! కొండ దగ్గర గట్టిగా నవ్వుతూ వీడియోలు తీసే కుర్రాళ్లను చూసినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది.

ఇక ప్రయాణం. ఇంటర్‌స్టేట్ 5 మీద క్యాజిల్ రాక్ దగ్గర దిగి 504వ నంబరు రోడ్డు పట్టుకోండి. ఈ రోడ్డు టూటిల్ నది లోయ వెంటే పైకి వెళ్తుంది. దారిలో నది కనిపించే చోట తప్పకుండా ఆగండి. నీళ్ల రంగు చూడండి. పక్క వాగుల నీళ్లు అద్దంలా ఉంటే, ఈ నది సిమెంటు కలిపినట్టు బూడిద రంగులో ఉంటుంది. పేలి నలభై ఏళ్లు దాటినా నది ఇంకా ఆ కొండను మోస్తూనే ఉంది. ఆ రోజు బురద వరదలో 200కు పైగా ఇళ్లు, 27 వంతెనలు పోయాయి. బురద కొలంబియా నది దాకా చేరి, ఓడలు తిరిగే కాలువలో 40 అడుగుల లోతును 14 అడుగులకు తెచ్చేసింది. ఓడలు ఎక్కడివక్కడ చిక్కుకుపోయాయి.

కొంత పైకి వెళ్లాక పూడికను ఆపడం కోసమే కట్టిన ఆనకట్ట ఉంది. అమెరికా ఆర్మీ ఇంజినీర్లు 1989లో పూర్తి చేశారు. మనం జీవితమంతా డ్యామ్‌లో పూడిక చేరకూడదని టెన్షన్ పడతాం. ఇక్కడ పూడికతో నిండటానికే డ్యామ్ కట్టారు. అదీ చాలక 2012లో నీళ్లు పొర్లిపోయే స్పిల్‌వే ఎత్తు పెంచారు. చూడటానికి అందంగా ఏమీ ఉండదు. కుటుంబంలో మిగతావాళ్లు వద్దంటారు. అయినా ఒక అరగంట అడగండి. అగ్నిపర్వతం పక్కన ఉన్న ఊళ్లు ఇప్పటికీ దేనికి భయపడుతున్నాయో ఈ ఒక్కచోట అర్థమవుతుంది. వాళ్ల భయం లావా గురించి కాదు, వానాకాలంలో కదిలే ఇసుక గురించి.

2023 మేలో కొండచరియ పడి 504 రోడ్డు చివరి భాగంలో వంతెన కొట్టుకుపోయింది. ఆ శాస్త్రవేత్త పేరు పెట్టిన సందర్శకుల కేంద్రం, జాన్‌స్టన్ రిడ్జ్ అబ్జర్వేటరీకి దారి అక్కడే తెగింది. మీరు వెళ్లేటప్పటికి రోడ్డు ఎక్కడిదాకా తెరిచారో ముందే చూసుకోండి. అది మూసి ఉన్నా బాధపడనక్కర్లేదు. నేలను చూడటానికి నాకు బాగా నచ్చిన చోటు దానికంటే ముందే వస్తుంది. దాని పేరు హమ్మక్స్ ట్రయల్. రెండున్నర మైళ్ల లోపు చుట్టుదారి, మెల్లగా నడిస్తే రెండు గంటలు.

అక్కడ లోయ నిండా చిన్న చిన్న గుట్టలు కనిపిస్తాయి. మొదట చూసినప్పుడు ఎవరో టిప్పర్లతో మట్టి తెచ్చి కుప్పలు పోశారేమో అనిపించింది నాకు. ఒక్కో గుట్ట పాత శిఖరపు ముక్క. జారిన కొండ 23 కిలోమీటర్ల దూరం లోయలో పారింది. సగటున 150 అడుగుల మందాన పరుచుకుంది, కొన్నిచోట్ల 600 అడుగులు. నీళ్లు మోసిన మట్టిలో పెద్ద రాయి, చిన్న రాయి, ఇసుక, వండు వేరువేరు పొరలుగా ఉంటాయి. ఈ గుట్టలు కోసుకుపోయిన చోట చూడండి, ఇంటి గోడంత బండ పక్కనే పిండిలాంటి పొడి ఉంటుంది, పొరలు ఉండవు. అంటే ఇది నీళ్లు తెచ్చింది కాదు, కొండే నడిచొచ్చింది. ఒక గుట్ట ఎరుపు, పక్కది బూడిద రంగు, ఇంకొకటి నల్లగా ఉంటుంది. శిఖరం మీద వేరువేరు కాలాల్లో పేరుకున్న లావా ఆ రంగులతోనే ఇక్కడికి దిగింది. గుట్టల మధ్య పల్లాల్లో కుంటలు ఏర్పడ్డాయి. కప్పలు, బాతులు, ఆల్డర్ చెట్లు. దగ్గర్లోని కోల్డ్‌వాటర్ లేక్ 1980కి ముందు లేదు. వాగుకు ఈ మట్టి అడ్డం పడి చెరువైంది. తెగకుండా ఇంజినీర్లు దానికి మిగులు నీళ్లు పోయే మరువ తవ్వారు. మా రాయలసీమలో మరువ అంటాం, తెలంగాణలో అలుగు అంటారు.

చెరువు ఒడ్డున కొండకు వీపు తిప్పి నిలబడి ఎదురు వాలులను బైనాక్యులర్‌తో చూడండి. కొన్ని వాలుల మీద తెల్లబడిన మానులు దువ్వెనతో దువ్వినట్టు ఒకే దిక్కుకు పడి ఉంటాయి. వేళ్లు కొండ వైపు, కొసలు అవతలి వైపు. గుట్టల వెనక మలుపుల్లో మాత్రం పడిన దిక్కు మారుతుంది. ఆ వేడి గాలి వాగులో నీళ్లలాగే అడ్డాల చుట్టూ తిరిగింది. కొండకు దగ్గరగా మానులు కూడా మిగల్లేదు. దూరంగా అంచుల్లో చెట్లు పడలేదు కానీ నిలువునా మాడిపోయాయి. ఈ మూడింటినీ కలిపితే 600 చదరపు కిలోమీటర్లు. ఇప్పుడు చాలా మానులు కుళ్లిపోయాయి, కొత్త చెట్లు కప్పేస్తున్నాయి. ఇంకో పదేళ్లకు ఇంత బాగా కనిపించవేమో, అందుకే తొందరగా చూడమంటున్నాను.

ఇంకో సంగతి. వచ్చే దారిలో ఒకే ఎత్తున, వరుసలు తీర్చినట్టున్న అడవి కనిపిస్తే మురిసిపోకండి, అది తిరిగి మొలిచిన అడవి కాదు. వెయర్‌హౌజర్ అనే కలప కంపెనీ తన భూముల్లో 1.8 కోట్లకు పైగా మొక్కలు నాటింది. 1982లో ప్రభుత్వం లక్షా పదివేల ఎకరాలను రక్షిత ప్రాంతంగా ప్రకటించి, అందులో ప్రకృతిని దాని మానాన వదిలేసింది. ఎగుడుదిగుడుగా, అక్కడక్కడా ఖాళీలతో ఉన్నదే తనంతట తాను లేచిన నేల.

బూడిద, నురుగురాయి కూడా చేతికి తీసుకుని చూడండి. నురుగురాయి మనం కాళ్లు రుద్దుకునే రాయి లాంటిదే, నీళ్లలో వేస్తే తేలుతుంది. చూసి అక్కడే పెట్టేయండి, తీసుకురావడం నిషేధం. బూడిదను వేళ్ల మధ్య నలిపితే పొయ్యి బూడిదలా మెత్తగా ఉండదు, గాజుపొడిలా గరగరలాడుతుంది. మాకు ఇది కొత్త కాదు. బనగానపల్లె దగ్గర జ్వాలాపురంలో తెల్లటి బూడిద పొర ఉంది. 74 వేల ఏళ్ల కిందట సుమత్రా దీవిలో టోబా అనే అగ్నిపర్వతం పేలినప్పుడు సముద్రం దాటొచ్చిన బూడిద అది. ఆ పొరకు కిందా పైనా ఆదిమానవుల రాతి పనిముట్లు దొరికాయి. ఉద్యోగంలో ఉండగా ఆ దారిన ఎన్నోసార్లు వెళ్లాను, బూడిదను తవ్వి తీసుకెళ్తుంటే సుద్ద అనుకున్నాను. అక్కడ కొన్నిచోట్ల పొర రెండు మీటర్లు దాటుతుంది. అంత మందం ఆకాశం నుంచి పడలేదు. పడింది కొద్దిగానే, వానలు చుట్టుపక్కల గట్ల నుంచి కడిగి పల్లంలోకి చేర్చాయి. సెయింట్ హెలెన్స్ దగ్గరా ఇదే గుర్తుపెట్టుకోండి. మిట్ట మీద కనిపించే మందమే ఆకాశం నుంచి పడిన లెక్క. పల్లంలోది నీళ్లు కలిపిన లెక్క.

రెండో రోజు ఉంటే తూర్పు వైపు ర్యాండిల్ ఊరి మీదుగా విండీ రిడ్జ్‌కు వెళ్లండి. దారి మలుపులు ఎక్కువ, కడుపులో తిప్పేవాళ్లు ముందే మాత్ర వేసుకోవాలి. తాగే నీళ్లు, తిండి ఇంటి నుంచే పట్టుకెళ్లండి. అక్కడి నుంచి గుర్రపు లాడంలా ఉత్తరానికి తెరుచుకున్న బిలం, అందులో 1980-86, 2004-08 మధ్య పెరిగిన లావా గుమ్మటాలు కనిపిస్తాయి. వాటి చుట్టూ నీడలో కొత్తగా ఒక హిమానీనదం పుట్టింది.

కింద ఉన్న మైదానంలో ఏడెనిమిది వందల డిగ్రీల వేడి ప్రవాహాలు పరుచుకున్నాయి. అక్కడ తొలుత లేచిన మొక్క లూపిన్. ఊదారంగు పూలతో నేలబారుగా ఉంటుంది. మన జీలుగ, జనుము జాతిదే. గాలిలోని నత్రజనిని వేళ్లలో పట్టి నేలకిస్తుంది. మిగతా చోట్ల గోఫర్ అనే బొరియల ఎలుకలు నేల లోపల బతికిపోయాయి. అవి తవ్విపోసిన పాత మట్టి బూడిద మీదికొచ్చింది, అందులో విత్తనాలు మొలిచాయి. మే నెల కాబట్టి కొన్నిచోట్ల ఇంకా మంచు ఉంది. దాని కింద ఉన్న చిన్న మొక్కలు కూడా బతికాయి. అక్కడక్కడా గోఫర్లు పోసిన చిన్న మట్టికుప్పలు కనిపిస్తే తొక్కకండి.

చివరగా స్పిరిట్ లేక్. జారిన కొండ ఈ చెరువులో పడినప్పుడు నీళ్లు ఎదురు గట్టు మీదికి 850 అడుగులు ఎగిరి, అక్కడి చెట్లన్నిటినీ ఊడ్చుకుని వెనక్కి వచ్చాయి. చెరువు అడుగు నిండిపోయి నీటిమట్టం 200 అడుగులు పెరిగింది. నీళ్లు బయటికి పోయే దారి మూసుకుపోయింది. మరువ లేని చెరువు, గట్టి పడని మట్టికట్ట, దిగువన క్యాజిల్ రాక్, లాంగ్‌వ్యూ లాంటి ఊళ్లు. గండి పడితే ఏమవుతుందో మనలో చెరువు కింద పుట్టినవాళ్లకు చెప్పనక్కర్లేదు. మొదట పంపులు పెట్టి తోడారు. 1985కి కొండ గుండా ఒకటిన్నర మైలు పైగా సొరంగం తొలిచి నీళ్లను మళ్లించారు. మన మాటలో అది తూము. లోపలి రాయి ఒత్తిడికి అది వంగుతుంటే మధ్యమధ్య ఆపి మరమ్మతు చేస్తున్నారు.

ఆ చెరువు మీద తెల్లటి చాప పరిచినట్టు ఒకటి కనిపిస్తుంది. అవన్నీ మానులే. 1980 మే 18న పడ్డ చెట్లు వేలకొద్దీ ఇప్పటికీ తేలుతున్నాయి. గాలి ఎటు వీస్తే అటు పోతాయి. పొద్దున వెళ్లగానే అవి ఏ ఒడ్డున ఉన్నాయో ఫోటో తీసుకోండి. భోజనం చేసి, సాయంత్రం బయల్దేరే ముందు మళ్లీ చూడండి. నేను వెళ్లిన రోజు మొత్తం చాప ఒక మూల నుంచి ఇంకో మూలకు జరిగిపోయింది.