సంక్రాంతి ప్రయాణానికి ముందు కారు వెనక మోత సంగతి తేల్చుకోండి

సంక్రాంతికి హైదరాబాద్ నుంచి విజయవాడ వైపు వెళ్లే కార్లు పంతంగి టోల్‌గేటు దగ్గర బారులు తీరడం ఏటా చూసేదే. ఆ బారు దాటి రోడ్డు ఖాళీగా కనిపించగానే అందరూ వేగం అందుకుంటారు. ఏడాదంతా నగరంలో 40 దాటని కారు 100 చూసేది అప్పుడే. వెనక సీటు కింది నుంచి ‘గూఁ’ అని ఒక మోత మొదలయ్యేదీ అప్పుడే. ఆ సమయంలో మనలో చాలామంది చేసే మరమ్మతు ఒక్కటే, పాటల శబ్దం పెంచడం.

ఆ మోత ఎక్కడిదో తేల్చే పరీక్ష పండగకు పది రోజుల ముందే చేసుకోండి. భోగి ముందు రోజు షెడ్డుకు వెళితే మీ కారును నడిపి చూసే తీరిక ఎవరికీ ఉండదు.

రెండేళ్ల కిందట నా కారు వెనక నుంచి విమానం లేస్తున్నట్టు మోత వచ్చేది. ‘బేరింగ్ పోయింది’ అన్నారు షెడ్డులో, అంటే చక్రం సాఫీగా తిరగడానికి దాని మధ్యలో ఉండే భాగం. ఎడమ పక్కది మార్చారు, మోత పోలేదు. కుడి పక్కదీ మార్చారు, అయినా పోలేదు. చివరికి వెనక టైర్లు ముందుకు, ముందువి వెనక్కి వేయించగానే మోత కూడా వాటితో పాటే ముందుకు వచ్చింది. తప్పు మెకానిక్‌ది ఎంతో నాదీ అంతే. ‘వెనక ఏదో శబ్దం’ అన్నానే కానీ, అది ఎప్పుడు పెరుగుతుందో ఎప్పుడు తగ్గుతుందో చెప్పలేదు.

అసలు కీలకం అక్కడే ఉంది. శబ్దం దేని వెంట నడుస్తోందో కనిపెట్టాలి. వాహనాలు లేని తిన్నని రోడ్డు మీద 60లో వెళుతూ, వేగం మార్చకుండా నాలుగో గేరు నుంచి మూడుకు దించండి. ఇంజిను గొంతు మారుతుంది. దానితో పాటు వెనక మోత కూడా మారితే సైలెన్సర్ గొట్టాన్నో, దాన్ని వేలాడదీసే రబ్బర్లనో అనుమానించాలి. మారకపోతే అది చాలావరకు చక్రాల వైపు నుంచి వస్తున్నదే. కారు కదులుతుండగా ఇంజిను ఆపి వినే సాహసం మాత్రం చేయవద్దు. బ్రేకు గట్టిపడుతుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది, తాళం తిప్పేస్తే స్టీరింగ్ బిగుసుకుపోవచ్చు కూడా.

చక్రాల వైపు అని తేలాక టైరా, బేరింగా అన్నది అసలు చిక్కు. రెండూ దాదాపు ఒకేలా మోగుతాయి. రోడ్డు మారినప్పుడు చెవి పెట్టి వినండి. గరుకు కాంక్రీటు మీద పెరిగి, కొత్త తారు మీదికి రాగానే తగ్గితే అది టైరు మోత. ఏ రోడ్డు మీదైనా ఒకేలా ఉండి, పొడవైన మలుపులో మాత్రం పెరుగుతుంటే బేరింగ్. కుడి మలుపులో బరువు ఎడమ చక్రాల మీదికి వాలుతుంది కాబట్టి, అప్పుడు మోత హెచ్చితే ఎడమ బేరింగ్ మీద అనుమానం. ఎడమ మలుపులో హెచ్చితే కుడిది. అందుకని కారును అటూ ఇటూ ఊపి పరీక్షించనక్కర్లేదు. మామూలు మలుపు చాలు, వెనక సీట్లో చెవి చురుకైన వాళ్లు ఒకరుంటే మరీ మేలు.

టైరు అనుమానం ఇంటి దగ్గరే తీరుతుంది. కారు ఆపి, టైరు ముఖం మీద అరచేతితో ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కి నిమరండి. తీగలు బయటికి తేలాయేమో ముందు కళ్లతో చూసుకోండి, చెయ్యి చీరుకుపోతుంది. ఒక దిశలో నున్నగా, ఇంకో దిశలో రంపపు పళ్లలా తగిలితే మోతకు కారణం దొరికినట్టే. షాకబ్జర్లు నీరసించినా, చక్రాలు నిలిచే కోణం (అలైన్‌మెంట్) తప్పినా, ఏళ్ల తరబడి టైర్లు ముందు వెనకలు మార్చకపోయినా ఇలా అరుగుతాయి. మనకు కనిపించని లోపలి అంచు కూడా తడిమి చూడండి. గాడుల లోతు 1.6 మిల్లీమీటర్లకు దిగితే ఆ టైరు పని అయిపోయినట్టే. పక్కగోడ మీద ఉబ్బు కనిపిస్తే లోపలి దారాలు తెగాయని అర్థం. ఆ టైరు మీద ప్రయాణం వద్దు, పక్క వీధికైనా సరే.

ఉబ్బిన టైరుకు ఇంకో గుర్తు ఉంది. చిన్న కారు చక్రం ఒక చుట్టుకు సుమారు 2 మీటర్లు నడుస్తుంది. 100 వేగంలో సెకనుకు దాదాపు 14 చుట్లు, అందుకే దెబ్బలు విడివిడిగా వినపడక ఒకే మోత అవుతుంది. 20కి తగ్గించండి, సెకనుకు మూడు చుట్లే. అప్పుడు ‘థప్ థప్’ అని లెక్కపెట్టగలిగేంత విడిగా వినిపిస్తే ఆగి టైరు చూడవలసిందే.

బేరింగ్ కోసం చక్రం ఎత్తేటప్పుడు ఒక మెలిక ఉంది. మన చిన్న కార్లలో హ్యాండ్ బ్రేకు వెనక చక్రాలనే పడుతుంది. వెనక చక్రం తిప్పి చూడటానికి దాన్ని వదిలారంటే కారు దొర్లిపోతుంది. ముందు చక్రాలకు రెండు వైపులా రాళ్లు పెట్టి, ముందు చక్రాలతో నడిచే కారయితే మొదటి గేరులో ఉంచి, ఆ తర్వాతే జాకీ ఎత్తాలి. కారు కిందికి తల పెట్టవద్దు. ఒక చేయి స్ప్రింగు మీద ఉంచి, రెండో చేత్తో చక్రం తిప్పితే, పోయిన బేరింగ్ గరగరమని స్ప్రింగులో తెలుస్తుంది. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే కదలిక తగిలినా అనుమానించాలి.

20 కిలోమీటర్లు నడిపాక రెండు వెనక చక్రాల దగ్గరికి చేతి వెనక భాగం తీసుకెళ్లి వేడి పోల్చి చూడండి, తాకవద్దు. ఒకటి మాత్రమే కాలిపోతుంటే బ్రేకు లైనర్లు పట్టేసి ఉండవచ్చు, బేరింగైనా కావచ్చు. నీళ్లు మాత్రం పోయవద్దు.

బొలేరో, స్కార్పియో లాంటి వెనక చక్రాలతో నడిచే బండి అయితే సంగతి వేరు. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఒక గొంతు, వదిలినప్పుడు ఇంకో గొంతు వినిపిస్తే చూపు డిఫరెన్షియల్ మీదికి, అంటే ఇంజిను శక్తిని రెండు వెనక చక్రాలకూ పంచే గేర్ల పెట్టె మీదికి పోవాలి. ముందుగా అందులో ఆయిల్ ఉందో లేదో చూపించండి.

డిక్కీలో జాకీ బిగించి లేకపోవడం, స్టెప్నీ వదులుగా ఉండటం, పైన క్యారియర్ గాలికి ఈల వేయడం వంటి వాటికి బిల్లు కట్టిన వాళ్లు తక్కువేమీ కాదు. డిక్కీ ఖాళీ చేసి ఒక చుట్టు తిరిగి రండి.

తర్వాత అదే డిక్కీని పండగ బరువుతో నింపి మళ్లీ వినండి. ఖాళీ కారులో మౌనంగా ఉండే టైరు, ఐదుగురూ ఎక్కాక గుంతలో లోపలి ప్లాస్టిక్‌కు రాసుకోవచ్చు. డ్రైవరు తలుపు చట్రం మీది స్టిక్కరులో నిండు బరువుకు గాలి ఎంతో చాలా కార్లలో విడిగా రాసి ఉంటుంది. తిరుగు ప్రయాణంలో ఊరి బియ్యం బస్తా కూడా ఎక్కుతుంది కదా, దాన్నీ లెక్కలో వేసుకోండి.

దారిలోనే మోత హఠాత్తుగా పెరిగినా, వెనక భాగం ఊగినా, కాలిన వాసన వచ్చినా బ్రేకు గట్టిగా తొక్కవద్దు. యాక్సిలరేటర్ వదిలి, నాలుగు లైట్లూ వేసి, మెల్లగా అంచుకు తీసి ఆపండి. అందరినీ రోడ్డుకు దూరంగా, రెయిలింగ్ అవతలికి పంపి జాతీయ రహదారుల సహాయ నంబరు 1033కు ఫోను చేయండి.

బయలుదేరే ముందు రోజు చక్రాలు విప్పించి ఉంటే, 50 నుంచి 100 కిలోమీటర్ల లోపు నట్లు మరోసారి బిగించాలి. చిట్యాల దగ్గర టీకి ఎలాగూ ఆగుతారు, స్పానరు బస్తాల అడుగున పెట్టకండి.