ఆకాశంలో విరిసిన పువ్వు ఏదో ఇలా గుర్తుపట్టండి

బాణసంచా ప్రదర్శనకు వెళ్తే రంగు కన్నా ముందు తోక చూడండి. గుండ్రంగా విచ్చుకున్న రవ్వలు వెనక మెరుపు గీతలు వదిలితే అది క్రిసాంతిమమ్, అంటే మన చామంతి. గీతల్లేకుండా ఉత్త చుక్కల బంతిలా కనిపిస్తే పియోనీ. జపాన్‌లో వీటినే కికు, బోతన్ అంటారు. బంగారు తోకలు కిందికి వాలుతూ చాలాసేపు నిలిస్తే విల్లో. నాకు అన్నిటికన్నా ఇష్టం ఇదే. బొగ్గు పాలు ఎక్కువున్న మందు నెమ్మదిగా కాలుతుంది కాబట్టే అంతసేపు వెలుగు. పైకెళ్లి పేలే గుండు, అంటే షెల్ లోపల పేర్చే ఆ మందు ఉండల పేరు స్టార్స్. ఎరుపుకు స్ట్రాన్షియం, ఆకుపచ్చకు బేరియం కలుపుతారు.

ఫొటోను నమ్మకండి. షట్టర్ రెండు మూడు సెకన్లు తెరిచి ఉంచితే పియోనీకి కూడా గీతలు పడి చామంతిలా వస్తుంది. తేడా కంటితోనే చూడాలి.