నత్తలా నడుస్తున్న ఆల్-ఇన్-వన్‌ను అమ్మేసే ముందు ఒక్కసారి మూత విప్పి చూడండి

మా ఇంట్లోకి ఆల్-ఇన్-వన్ (తెర వెనకే కంప్యూటరంతా ఇమిడిపోయిన రకం) వచ్చింది 2019లో. చిన్న బల్ల మీద సరిపోతుంది, కింద సీపీయూ డబ్బా ఉండదు, వైర్లు కాళ్లకు తగలవు, ఊడ్చుకోవడానికి అడ్డు లేదు అని అమ్మ పట్టుబడితే తెచ్చాం. మొదటి ఏడాది బాగానే ఉంది. 2020లో అమ్మాయికి ఆన్‌లైన్ క్లాసులు మొదలయ్యాక అసలు బాధ తెలిసింది. పొద్దున బటన్ నొక్కి, వంటింట్లోకి వెళ్లి పాలు కాచి, టీ పెట్టుకుని వచ్చినా తెర మీద ఆ చుక్కలు గుండ్రంగా తిరుగుతూనే ఉండేవి. అక్కడ టీచరు హాజరు తీసుకుంటుంటే ఇక్కడ పిల్లకి టెన్షన్. సర్వీసు షాపుకు తీసుకెళ్తే చూసినతను మూత కూడా విప్పకుండా "బోర్డు వీక్ అయింది సార్, ఎక్స్‌చేంజ్‌లో ఇచ్చేసి కొత్తది తీసుకోండి" అన్నాడు. ఇంకో రెండు రోజులైతే ఇచ్చేసేవాణ్ణే. నిజానికి బోర్డుకి ఏమీ కాలేదు. లోపలున్నది నిమిషానికి 5400 సార్లు తిరిగే పాత రకం హార్డ్ డిస్క్, దానికి తోడు ర్యామ్ (పని నడుస్తున్నప్పుడు వాడుకునే తాత్కాలిక మెమరీ) 4 జీబీ, జబ్బంతా అక్కడే. ఆ రెండూ మార్చాక అదే మెషీన్ ఇప్పటికీ మా హాల్లో నడుస్తోంది. ఆ తర్వాత మా బావగారిది, మా వీధిలో జిరాక్స్ షాపు ఆయనది కూడా నేనే విప్పాను కాబట్టి ఎక్కడ జాగ్రత్తపడాలో కాస్త తెలిసింది, అదే ఇక్కడ రాస్తున్నా.

ముందు ఒక మాట అర్థం చేసుకోవాలి. ఇది పేరుకి డెస్క్‌టాపే గానీ చాలా మోడళ్ల లోపల ఉన్నది లాప్‌టాపే. ప్రాసెసర్ లాప్‌టాప్‌ది, ర్యామ్ లాప్‌టాప్‌లో పట్టే పొట్టి రకం (సోడిమ్ అంటారు), కరెంటు కూడా లాప్‌టాప్ లాగే నల్లటి అడాప్టర్ నుంచి వస్తుంది. ఒక్క బ్యాటరీ మాత్రం లేదు. అందుకే షాపుకెళ్లి "డెస్క్‌టాప్ ర్యామ్ ఇవ్వండి" అంటే పొడుగు రకం ఇస్తారు, అది ఇందులో పట్టదు. జిరాక్స్ షాపు ఆయన సరిగ్గా ఇలాగే పొడుగుది కొని తెచ్చి మళ్లీ మార్చుకోవడానికి తిరగాల్సి వచ్చింది.

జబ్బు డిస్క్‌దేనా కాదా అన్నది ఇంట్లోనే తేల్చుకోవచ్చు. మెషీన్ ఆన్ చేసి తెర వచ్చాక కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి, టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్ అనే చోట డిస్క్ మీద నొక్కితే అది హెచ్‌డీడీయా (తిరిగే పాత రకం), ఎస్ఎస్‌డీయా (తిరిగే భాగాలు లేని వేగమైన రకం) రాసే ఉంటుంది. మీరేమీ చేయకుండా ఊరికే కూర్చున్నా డిస్క్ 100 శాతం దగ్గరే అతుక్కుపోయి, ప్రాసెసర్ మాత్రం 10, 15 దగ్గర ఖాళీగా ఉంటే ఇక చాలావరకు అనుమానం అక్కర్లేదు, డిస్కే మార్చాలి. అదే డిస్క్ ఖాళీగా ఉండి ప్రాసెసర్ ఎప్పుడూ 100 చూపిస్తుంటే మాత్రం ఎస్ఎస్‌డీ వేసినా పెద్దగా తేడా రాదు, ఆ డబ్బు దాచుకోండి. పక్కనే మెమరీ మీద నొక్కితే ఎన్ని స్లాట్లు ఉన్నాయి, ఎన్ని వాడుతున్నారు అన్నదీ చాలాసార్లు కనిపిస్తుంది.

తర్వాత చూడాల్సింది విండోస్ సంగతి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. విండోస్ 11కి ఇంటెల్ ప్రాసెసర్లలో అయితే దాదాపుగా 8వ తరం నుంచి పైవాటికే అర్హత ఉంది, పైగా టీపీఎం 2.0 (తాళం కీలు దాచే భద్రతా ఏర్పాటు) కావాలి. మాది 8వ తరం ఐ3 కాబట్టి గట్టెక్కింది. బావగారిది 6వ తరం, కుదరలేదు. ఆయన చేసేదల్లా యూట్యూబు, పేపర్లు చదవడం, బ్యాంకు పనులు, అందుకని విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ వేశాం. మొదటి వారం ఏదెక్కడుందో అని రోజూ ఫోన్ చేశారు, ఇప్పుడు ఆ ఊసే ఎత్తడం లేదు.

ఇక విప్పడం. మెషీన్ వెనకో కింది అంచునో ఉన్న స్టిక్కర్ మీద మోడల్ నంబర్ ఉంటుంది. ఆ నంబరుతో కంపెనీ సైట్‌లో సర్వీస్ మాన్యువల్ దొరుకుతుందేమో వెతకండి, హెచ్‌పీ, డెల్, లెనోవో మూడూ చాలా మోడళ్లకు బయటే పెట్టాయి, ఏ స్క్రూ ఎక్కడో బొమ్మలతో సహా ఉంటుంది. యాపిల్ ఐమ్యాక్ ఉన్నవాళ్లు మాత్రం ఇక్కడే ఆగండి. 2012 చివర్లో వచ్చిన సన్న రకం నుంచి వాటి తెరని చుట్టూ జిగురు పట్టీలతో అతికించారు, విప్పిన ప్రతిసారీ కొత్త పట్టీలు వేయాలి, చెయ్యి జారితే తెర పగులుతుంది. వాళ్లకి నా సలహా: లోపల చెయ్యి పెట్టకుండా యూఎస్‌బీ 3కి బయట ఎస్ఎస్‌డీ తగిలించి, దాని మీదే మ్యాక్ ఓఎస్ వేసుకుని మెషీన్ అక్కడి నుంచే మొదలయ్యేలా (బూట్) చేసుకోండి. లోపలి పాత డిస్క్ కంటే అదే చాలా నయం.

కొనే ముందు మాన్యువల్ చూసి మీ దాంట్లో ఏది పడుతుందో ఖాయం చేసుకోండి. మామూలుగా రెండున్నర అంగుళాల శాటా (డిస్క్ తగిలించే పాత రకం కనెక్టర్) డిస్క్ ఉంటుంది, దాని స్థానంలో అదే సైజు శాటా ఎస్ఎస్‌డీ సరిగ్గా కూర్చుంటుంది. కొన్నింటిలో ఎం.2 స్లాట్ (చిన్న పట్టీ లాంటి ఎస్ఎస్‌డీ పట్టే గాడి) ఖాళీగా ఉంటుంది, మాన్యువల్‌లో పడుతుందని ఉంటే ఇంకా వేగమైన ఎన్‌వీఎంఈ రకం ఎస్ఎస్‌డీ వేసుకోవచ్చు. కాకపోతే వైఫై కార్డు కోసం ఉన్న స్లాట్‌ను చూసి అదే అనుకోకండి, రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి గానీ గాడి వేరు. ర్యామ్ డీడీఆర్3ఎల్‌ఆ, డీడీఆర్4ఆ, డీడీఆర్5ఆ అన్నది కూడా చూసుకోవాలి, ఒకదాని స్లాట్‌లో ఇంకొకటి పట్టదు.

డేటా సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. ఫొటోలు, సర్టిఫికెట్ల స్కాన్లు, ఇంటి కాగితాలు అన్నీ ముందే వేరే చోటికి కాపీ చేసి, కాపీ అయినవాటిలో నాలుగైదు తెరిచి చూసుకోండి. ఇంకొకటి, కొత్త మెషీన్లలో మనకి తెలియకుండానే డిస్క్‌కి ఎన్‌క్రిప్షన్ (కీ లేకుండా చదవలేని తాళం) పెట్టి ఉండొచ్చు. అలాంటప్పుడు రేపెప్పుడైనా పాత డిస్క్‌ని వేరే చోట తగిలిస్తే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. విప్పక ముందే మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలోకి వెళ్లి ఆ కీ ఉంటే కాగితం మీద రాసి పెట్టుకోండి.

ప్లగ్ పీకేసి, పవర్ బటన్‌ను ఓ పది సెకన్లు నొక్కి పట్టుకోండి, లోపల మిగిలిన కరెంటు పోతుంది. బల్ల మీద మెత్తటి దుప్పటి రెండు మడతలు వేసి, కింద ఒక్క స్క్రూ కూడా పడి లేదని చేత్తో తడిమి చూసుకుని, తెర కిందికి వచ్చేలా బోర్లా పడుకోబెట్టండి. స్టాండ్ ఊడదీయండి. స్క్రూలు కొన్ని రబ్బరు బిళ్లల కింద దాక్కుని ఉంటాయి. అన్నీ తీశాక కూడా మూత కదలదు, ఎందుకంటే చుట్టూ ప్లాస్టిక్ క్లిప్పులు ఉంటాయి. ఇక్కడే అందరూ స్క్రూడ్రైవర్ మొన పెట్టి తిప్పి అంచులు విరగ్గొడతారు. గడువు తీరిన ఏటీఎం కార్డు తీసుకుని సందులో దూర్చి మెల్లగా జరుపుకుంటూ పోతే ఒక్కో క్లిప్పూ టప్ టప్ మని ఊడి వస్తుంది. మొదటి చప్పుడుకి ఏదో విరిగిందని గుండె ఆగినంత పనవుతుంది, కంగారు పడకండి, అది క్లిప్పు ఊడిన చప్పుడే. మూతని ఒక్కసారిగా లాగేయకండి, కొన్నింటిలో స్పీకరుకో బటన్‌కో పోయే సన్న వైరు మూతకి కట్టి ఉంటుంది. మరీ కొన్నింటిలో వెనక మూత కాదు, ముందు తెరే ఊడుతుంది, వాటిలో తెర రిబ్బన్ వైరు విషయంలో రెండింతలు జాగ్రత్త.

మాది మొదటిసారి విప్పినప్పుడు ఫ్యాన్ దగ్గర దుమ్ము పట్టు గుడ్డలా పేరుకుని ఉంది, గాలి పోయే జల్లెడ పూర్తిగా మూసుకుపోయింది. మూలలో చీమల పుట్ట మన్ను కూడా కనిపించింది. మెత్తటి పెయింటు కుంచెతో దులిపి, ఫ్యాన్ రెక్కని వేలితో ఆపి పట్టుకుని బ్లోయర్ కొట్టాం. ఆపకుండా గాలి కొడితే ఫ్యాన్ విపరీతంగా తిరిగి బేరింగ్ పోతుంది. డిస్క్‌ని దాని రేకు ఫ్రేములోంచి విప్పి, అందులోనే ఎస్ఎస్‌డీ బిగించి, అలాగే తిరిగి జరపడమే. ర్యామ్ ముక్కని ఏటవాలుగా దూర్చి కిందికి నొక్కితే రెండు పక్కలా కొక్కేలు టిక్ మంటాయి. ఆ చప్పుడు రాలేదంటే సరిగ్గా కూర్చోలేదని. మూత పూర్తిగా బిగించకముందే ఒకసారి ఆన్ చేసి బయోస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల తెర) కొత్త డిస్క్, ర్యామ్ కనిపిస్తున్నాయో లేదో చూసుకోండి.

విండోస్‌ని పాత డిస్క్ నుంచి ఉన్నదున్నట్టు కాపీ (క్లోన్) చేయొచ్చు గానీ నేనైతే కొత్తగానే వేస్తాను, అయిదారేళ్ల చెత్త ఎందుకు మళ్లీ మోసుకెళ్లడం. వేరే కంప్యూటర్‌లో కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్‌కి మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి ఇన్‌స్టలేషన్ ఎక్కించుకోండి. మెషీన్‌తో పాటే విండోస్ వచ్చి ఉంటే లైసెన్సు బోర్డుతో ముడిపడి ఉంటుంది కాబట్టి డిస్క్ మారినా నెట్ తగలగానే దానంతటదే యాక్టివేట్ అవుతుంది, కొత్త కీ కొనమని ఎవరైనా అంటే ఆ షాపు మార్చేయండి. వైఫై డ్రైవర్ (వైఫై పనిచేయడానికి కావాల్సిన చిన్న సాఫ్ట్‌వేర్) మాత్రం ముందే డౌన్‌లోడ్ చేసి అదే పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి, లేకపోతే నెట్ లేక మధ్యలో ఇరుక్కుంటారు. మాది బటన్ నొక్కినప్పటి నుంచి తెర వచ్చేదాకా నాలుగు నిమిషాలు దాటేది, ఇప్పుడు పాతిక సెకన్లలోపే.

అయ్యాక దాన్ని పెట్టే చోటు చూసుకోండి. గోడకి ఆనించి పెడితే వెనక గాలి ఆడదు, మే నెలలో విజయవాడ ఎండలకి ఆ ఫ్యాన్ రోజంతా హోరెత్తుతుంది. ఒక జానెడు ఖాళీ వదలండి. బ్యాటరీ లేదు కాబట్టి కరెంటు పోతే ఆ క్షణమే ఆరిపోతుంది, రాసుకున్నది పోతుంది. చిన్న 600 వీఏ యూపీఎస్ చాలు, సేవ్ చేసుకుని షట్‌డౌన్ చేసేంత సమయం నిమ్మళంగా ఇస్తుంది. వెనక ఇనుప భాగం ముట్టుకుంటే చురుక్కుమంటోందంటే ఎర్తింగ్ సరిగ్గా లేదని, మూడు పిన్నుల ప్లగ్‌ని రెండు పిన్నులుగా మార్చి వాడకుండా ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

ఇప్పుడే కొత్తది కొనబోయేవాళ్లు మాత్రం హెచ్‌డీఎంఐ (బొమ్మ, శబ్దం పంపే కేబుల్ తగిలించే చోటు) సంగతి గట్టిగా అడగాలి. వెనక హెచ్‌డీఎంఐ ఉన్నంత మాత్రాన సరిపోదు, అది ఇన్‌ఆ అవుట్‌ఆ అన్నది ముఖ్యం. అవుట్ ఒక్కటే ఉంటే రేపు బోర్డు పోయిన రోజున బంగారం లాంటి తెర కూడా ఊరికే పడి ఉంటుంది. ఇన్ కూడా ఉంటే లాప్‌టాప్ తగిలించుకుని మానిటర్‌లా వాడుకోవచ్చు. కొన్ని మోడళ్లలో బోర్డు పనిచేయకపోతే ఇన్ కూడా పనిచేయదు, కాబట్టి మెషీన్ ఆఫ్‌లో ఉన్నప్పుడు ఆ తెర వస్తుందో లేదో షాపులోనే తగిలించి చూపించమనండి. మొహమాటపడకండి.

తీసేసిన పాత డిస్క్‌ని పారేయలేదు. రెండున్నర అంగుళాల యూఎస్‌బీ కేసు ఒకటి కొని అందులో పెట్టాం. ఇప్పుడది మా అమ్మ బీరువాలో, పెళ్లి ఆల్బం పక్కన, ఇంటి ఫొటోలన్నింటి రెండో కాపీగా ఉంది.