పచ్చి ఆహారానికి మారే ముందు

పొయ్యి వెలిగించకుండా పండ్లు, పచ్చికూరలు, మొలకలతోనే గడపాలనుకుంటే ముందు ఇవి చూసుకోండి.

• షుగర్ మందులు, ఇన్సులిన్ వాడేవాళ్లు డాక్టర్‌ని అడగకుండా మొదలుపెట్టొద్దు. తిండి మారి మందు డోసు అలాగే ఉంటే షుగర్ పడిపోవచ్చు.

• రక్తం పలచబడటానికి వార్ఫరిన్ వేసుకుంటున్నారా? ఆకుకూరల్లోని విటమిన్ కె ఆ మందు పనిని తగ్గిస్తుంది. కిడ్నీ జబ్బు ఉంటే ఒంట్లో పొటాషియం పేరుకుపోతుందన్న భయం. కూరలు ఉడికించి నీళ్లు వంపేస్తే అది కొంత పోతుంది, పచ్చిగా తింటే అంతా ఒంట్లోకే.

• మొలకల దగ్గర మరీ జాగ్రత్త. గింజ మొలకెత్తే వెచ్చదనం, తడి సాల్మొనెల్లా అనే జబ్బు చేసే బ్యాక్టీరియాకూ ఇష్టమే. కడిగినా పూర్తిగా పోదు. గర్భిణులు, చిన్నపిల్లలు, పెద్దవాళ్లు ఉడికించే తినాలి. మనింట్లో పెసలు నానబెట్టి గుడ్డలో కట్టడం మామూలే కాబట్టి ఈ మాట ఎవరూ పట్టించుకోరు, నా బాధ అదే.

• రాజ్మా, కర్రపెండలం పచ్చిగా వద్దే వద్దు. రెండింట్లోనూ విషపదార్థాలున్నాయి.

• విటమిన్ బి12 పరీక్ష ముందే చేయించుకోండి. మొక్కల ఆహారంలో ఆ విటమిన్ దొరకదు.

• ఒకేసారి మారొద్దు. మొదటి వారం రోజుకు ఒక పూట పచ్చి ఆహారం చాలు.