ట్రంపెట్ మాస్టారిని ఎంచుకునే ముందు

హైదరాబాదులో వీణకో వయొలిన్‌కో గురువు కావాలంటే, ఫలానా వారి శిష్యులన్న పరంపరను బట్టి చాలావరకు ఒక అంచనాకు రావచ్చు. ట్రంపెట్‌కు ఆ సౌకర్యం తక్కువ. విడిగా పాఠం చెప్పే మాస్టార్లు కొద్దిమందే ఉంటారు, వారు కూడా ఒకదానితో ఒకటి సంబంధం లేని దారుల నుంచి వస్తారు. కొందరు పోలీసు బ్యాండులోనో సైనిక బ్యాండులోనో పనిచేసి విరమించినవారు, కొందరు పెళ్లి బ్యాండుల్లో పెరిగినవారు, కొందరు సికింద్రాబాదు చర్చీల ఆరాధనల్లో వాయిస్తూ నేర్చినవారు, మరికొందరు లండన్ సంస్థల గ్రేడ్ పరీక్షల్లో ఉత్తీర్ణులై ఆ మార్గంలోనే బోధించేవారు. అందుచేత మాస్టారి నేపథ్యం అడగడానికి మొహమాటపడనక్కరలేదు. ఆయన ఏమి నేర్పగలరన్నది అందులోనే సగం తెలుస్తుంది, మిగతా సగం మొదటి పాఠంలో తెలుస్తుంది.

సైనిక, పోలీసు బ్యాండుల నుంచి వచ్చినవారు సాధారణంగా స్టాఫ్ నొటేషన్ (ఐదు గీతల మీద రాసే పాశ్చాత్య స్వరలిపి) చదవడం, నిటారుగా నిలబడి ఊపిరి తీసుకోవడం, పదిమందితో కలిసి తాళం తప్పకుండా వాయించడం బాగా నేర్పుతారు. వరుస తప్పితే ఊరుకోరు కనుక పదేళ్ల పిల్లలకు వారి కాఠిన్యం కొంచెం ఎక్కువనిపించవచ్చు. పెళ్లి బ్యాండు మాస్టర్ల బలం వేరు. పాట ఒకసారి వింటే చాలు, దాన్ని ఏ శ్రుతిలోనైనా అందుకుని, ఊరేగింపులో నడుస్తూ గంటల తరబడి వాయించగల సత్తా వారిది. అయితే నొటేషన్ జోలికి వెళ్లనివారు వారిలో చాలామంది ఉంటారు, ఆరుబయట డప్పుల మోతను మించి వినిపించాలి కనుక గట్టిగా ఊదడమే వారికి అలవాటై ఉంటుంది. సినిమా పాటలు వాయించాలన్నదే మీ కోరికైతే, పెళ్లి బ్యాండు వారని తక్కువగా చూడడం మీకే నష్టం. చెవితో పట్టుకునే విద్యను పరీక్షల మార్గంలో వచ్చిన మాస్టార్లలో చాలామంది అంత శ్రద్ధగా నేర్పరు.

పరీక్షల సంగతి క్లుప్తంగా చెప్పుకోవాలంటే, ట్రినిటీ కాలేజ్ లండన్, ఏబీఆర్ఎస్ఎం అనే రెండు సంస్థల గ్రేడ్లు మన దగ్గర ఎక్కువగా వాడుకలో ఉన్నాయి. రెండింటిలోనూ పై మెట్టు 8వ గ్రేడు. ట్రినిటీలో 100కు 60 వస్తే ఉత్తీర్ణత, 87 వస్తే డిస్టింక్షన్. ఏబీఆర్ఎస్ఎంలో 6వ గ్రేడు వాయిద్య పరీక్షకు వెళ్లాలంటే ముందుగా 5వ గ్రేడు థియరీ గాని, దానికి బదులుగా ఆ సంస్థ ఒప్పుకునే మరో పరీక్ష గాని పూర్తి కావాలి. విదేశాల్లో సంగీతం చదవాలనుకునే పిల్లలకు ఈ మార్గం ఉపయోగపడుతుంది, నలభై ఏళ్ల వయసులో సరదాకు మొదలుపెట్టేవారికి దాని అవసరం లేదు. ఒక విషయం మాత్రం గుర్తుంచుకోవాలి. మాస్టారి గోడ మీది పత్రం ఆయన వాయించగలరని చెబుతుంది, నేర్పగలరని చెప్పదు. ఆ సంగతి తేలాలంటే, “మీ దగ్గరే మొదటి నుంచి నేర్చుకున్న శిష్యుణ్ణి ఎవరినైనా ఒకసారి వినవచ్చా, మాస్టారూ?” అని అడగాలి. మంచి గురువు ఈ మాటకు సంతోషిస్తారు.

ఇక మొదటి పాఠంలో గమనించవలసిన దానికి వద్దాం. అసలు విషయమంతా ఇక్కడే ఉంది. ట్రంపెట్‌కు ఉన్నవి మూడే వాల్వులు, అంటే వేళ్లతో నొక్కే మీటలు. వాటిలో ఒక్కటీ నొక్కకుండానే, పెదవుల బిగువును, ఊపిరి వేగాన్ని మార్చి కనీసం ఐదు స్వరాలు పలికించవచ్చు. రెండో వాల్వ్ స్వరాన్ని అర మెట్టు (హార్మోనియంలో తెల్లవి, నల్లవి కలిపి చూస్తే పక్కపక్క కీల మధ్య ఉండే తేడా), మొదటిది ఒక మెట్టు, మూడోది ఒకటిన్నర మెట్టు దించుతాయి, అంతే. అంటే స్వరాన్ని ఎంచేది ప్రధానంగా పెదవులే కాబట్టి, మొదటి రోజే వేళ్ల పట్టిక చేతిలో పెట్టి పాట మొదలుపెట్టించే మాస్టారు శిష్యుణ్ణి సంతోషపెడతారు గాని పునాది వేయరు. తెలిసినవారు ముందు ఊపిరి తీసుకోవడం చూపిస్తారు, పెదవుల కొసలు బిగిసి మధ్యభాగం వదులుగా కంపించేలా సరిచేస్తారు, కొంతసేపు మౌత్‌పీస్‌తో (పెదవులకు ఆనించి ఊదే విడి భాగంతో) మాత్రమే ఊదిస్తారు, ఆ తరువాత ఒకే స్వరాన్ని మెల్లగా, నిలకడగా సాగదీయిస్తారు. బుగ్గలు పొంగితే ఆపి సరిచేస్తారు. అమెరికా జాజ్ ట్రంపెట్ విద్వాంసుడు డిజ్జీ గిలెస్పీ బుగ్గలు బూరెల్లా పొంగించి వాయించలేదా అని ఎవరైనా వాదించవచ్చు, ఆయనకు చెల్లింది.

విశ్రాంతి విషయంలో మాస్టారి వైఖరి ఇంకా ముఖ్యం. ట్రంపెట్‌లో అలసిపోయేవి పెదవుల చుట్టూ ఉన్న చిన్న కండరాలు. అవి అలసినప్పుడు పై స్వరం అందుకోవడానికి శిష్యుడు మౌత్‌పీస్‌ను పెదవులకేసి అదుముతాడు, దానితో స్వరం పలచబడుతుంది, పెదవి వాస్తుంది, ఆ అలవాటును తరువాత మాన్పించడానికి ఎంతో కాలం పడుతుంది. అందుకే ఎంతసేపు ఊదారో దాదాపు అంతసేపు ఆగమని చెప్పే మాస్టారే నమ్మదగినవారు. ఆ విరామాల్లో తాను వాయించి వినిపించేవారైతే మరీ మంచిది, ఎందుకంటే మంచి నాదం ఎలా ఉంటుందో మాటలతో చెప్పలేము. మొదటి నెలల్లోనే పై స్వరాల కోసం పట్టుబట్టే చోట చేరకపోవడం మేలు.

మన ఊళ్లో తప్పక అడగవలసిన ప్రశ్న శ్రుతికి సంబంధించినది. మామూలు ట్రంపెట్ బి ఫ్లాట్ వాయిద్యం, అంటే మన హార్మోనియం లెక్కలో ఆరున్నర శ్రుతి. కీబోర్డు మీద సి పలికినప్పుడు దానితో కలవాలంటే ట్రంపెట్‌లో డి వాయించాలి. చర్చి బృందంలోనో ఆర్కెస్ట్రాలోనో కలిసి వాయించాలనుకునేవారికి ఈ మార్పిడి మొదటి సంవత్సరంలోనే అలవాటు కావాలి. అలాగే మొదటి, మూడో వాల్వులు కలిపి నొక్కే కింది డి స్వరం సహజంగానే శ్రుతి మించి పలుకుతుంది, మూడో వాల్వు స్లైడును, అంటే లోపలికీ బయటకూ జరిగే గొట్టాన్ని, ఎడమచేతి ఉంగరపు వేలితో కొంచెం బయటకు జరిపి దాన్ని సరిచేయాలి. మాస్టారు ఈ చిన్న విషయాన్ని పట్టించుకుంటున్నారా లేదా అన్నది చూస్తే ఆయన చెవి ఎంత సునిశితమో తెలిసిపోతుంది.

పిల్లలకైతే పైవరుస ముందుపళ్లు శాశ్వతమైనవి వచ్చాక, అంటే ఎనిమిది, తొమ్మిదేళ్ల తరువాత మొదలుపెట్టడం మంచిది. పళ్లకు తీగలు కట్టించే ఆలోచన ఉంటే మాస్టారికి ముందే చెప్పాలి. వాయిద్యాన్ని ఆయనను సంప్రదించకుండా కొనకండి. మీరట్‌లో తయారై పెళ్లి బ్యాండులకు చేరే చవక వాయిద్యాలన్నీ ఒకే తీరున ఉండవు కనుక, వాల్వులు తడబడకుండా కదులుతున్నాయో లేదో తెలిసినవారు చూడాలి. మౌత్‌పీస్ 7సి సైజుతో మొదలుపెట్టడం చాలామందికి సరిపోతుంది. అపార్టుమెంటులో ఉండేవారికి ప్రాక్టీస్ మ్యూట్ (శబ్దం తగ్గించడానికి ట్రంపెట్ మూతిలో పెట్టే బిరడా) తప్పదు. కానీ అది ఊపిరిని అడ్డుకుంటుంది, స్వరం ఎలా ఉందో సరిగా విననివ్వదు, కాబట్టి వారానికి ఒకటి రెండు సార్లయినా మేడ మీదకో ఖాళీ హాలుకో వెళ్లి మ్యూట్ లేకుండా వాయించాలి. ఫోనులో పాఠాలు చెప్పించుకునేవారు వీడియో కాల్ యాప్‌లో చుట్టుపక్కల రొదను తొలగించే ఏర్పాటును (నాయిస్ సప్రెషన్) ఆపివేయాలి, లేకపోతే సాగదీసిన స్వరాన్ని అది రొద అనుకుని మింగేస్తుంది.

ఫీజు మాట్లాడుకునే రోజునే తప్పిన పాఠాల సంగతి కూడా తేల్చుకోండి. పెళ్లిళ్లకు వాయించే మాస్టారైతే మాఘంలోనూ వైశాఖంలోనూ ముహూర్తాల రోజుల్లో దొరకరు. ఆ పాఠాలను ఆషాఢంలో పూర్తి చేస్తామంటే ఒప్పుకోవచ్చు గాని, హైదరాబాదులో ఆషాఢమంటే బోనాలు కూడా కాబట్టి ఆదివారాలు కాకుండా వారం మధ్యలో రోజులు అడగండి.