హైడ్రోజన్ శక్తి స్థాయిల లెక్కలో మైనస్ దగ్గర తడబడకుండా ఎలా చేయాలి?

మా కోనసీమలో పాత ఇళ్ల పెరట్లో నుయ్యి ఇంకా కనిపిస్తుంది. ట్యూషన్‌కి వచ్చే ఇంటర్ పిల్లలకు ఈ లెక్క మొదలుపెట్టేముందు నూతిలోకి తొంగిచూడమంటాను.

ముందు సున్నా ఎక్కడో తేల్చుకోండి. నేల మట్టం సున్నా అయితే, నీళ్లలో ఉన్న బొక్కెన మైనస్‌లో ఉన్నట్టే. పైకి రావాలంటే ఎవరో ఒకరు తోడాలి. పరమాణువులో ఆ సున్నా, కేంద్రకానికి అనంత దూరంలో కదలకుండా ఉన్న ఎలక్ట్రాన్‌ది. కేంద్రకం పట్టులో ఉన్నంతసేపూ దాని శక్తి మైనస్సే. బయటపడాలంటే అంత బాకీ తీర్చాలన్నమాట.

ఇప్పుడు స్థాయిలు, అంటే ఎలక్ట్రాన్ ఉండగల శక్తి మెట్లు, వేయండి. −13.6ను స్థాయి సంఖ్య వర్గంతో భాగిస్తే చాలు. ఇది బోర్ 1913లో చెప్పిన నమూనా నుంచి వచ్చింది. మొదటిది −13.6, రెండోది −3.40, మూడోది −1.51 ఎలక్ట్రాన్ వోల్టులు (ఇంత చిన్న శక్తులకు వాడే కొలత). వీటిలో పెద్దది −1.51. సగం మంది ఇక్కడే బోల్తా పడతారు. నూతి ఒరలు సమాన ఎత్తులో ఉంటాయి గానీ ఈ స్థాయిలు పైకి వెళ్లేకొద్దీ దగ్గరపడతాయి, కాబట్టి నూతి పోలిక ఇక్కడితో ఆపేద్దాం.

తేడా కట్టేటప్పుడు ఎప్పుడూ చేరిన స్థాయి శక్తిలోంచి బయల్దేరిన స్థాయి శక్తిని తీసేయండి. మూడు నుంచి రెండుకు దిగితే:

−3.40 − (−1.51) = −1.89

1240ని ఎలక్ట్రాన్ వోల్టుల్లో ఉన్న శక్తితో భాగిస్తే వెలుగు తరంగదైర్ఘ్యం నానోమీటర్లలో వస్తుంది. ఒకబ్బాయి ఆ 1240ని ఈ −1.89తో భాగించి తరంగదైర్ఘ్యం −656 నానోమీటర్లని రాశాడు. "పొడవు మైనస్ ఏంట్రా?" అంటే, "ఆయ్, లెక్కలో అలాగే వచ్చిందండి" అన్నాడు. లెక్క తప్పు కాదు, ఖాతా తప్పు. −1.89 పరమాణువు పోగొట్టుకున్నది. అదే ఫోటాన్ (బయటికొచ్చిన వెలుగు రేణువు) ఖాతాలో +1.89. భాగించాల్సింది దీంతోనే. 656 నానోమీటర్లంటే ఎర్రటి వెలుగు.

రెండు నుంచి మూడుకు ఎక్కితే +1.89, అంటే పరమాణువు వెలుగును మింగింది. మొదటి స్థాయి నుంచి ఎలక్ట్రాన్‌ను పూర్తిగా ఊడబెరకాలంటే 0 − (−13.6), అంటే +13.6.

స్థాయి సంఖ్యల నుంచి నేరుగా తరంగదైర్ఘ్యం కట్టే రిడ్‌బర్గ్ సూత్రం వాడితే ఈ గొడవ ఉండదు. అందులో చిన్న స్థాయి భిన్నాన్ని (1 బై స్థాయి సంఖ్య వర్గం) ముందు రాసి పెద్ద స్థాయి భిన్నాన్ని తీసేస్తారు కాబట్టి జవాబు ప్లస్‌లోనే వస్తుంది. రెండు పద్ధతులూ ఒకే లెక్కలో కలిపితే మాత్రం కిచిడీయే.

ఎంట్రన్సుల్లో గతిశక్తి, స్థితిశక్తి విడివిడిగా అడిగితే టెన్షన్ పడకండి. గతిశక్తి మొత్తం శక్తంతే, గుర్తు మార్చండి. స్థితిశక్తి మొత్తం శక్తికి రెట్టింపు, గుర్తు మార్చకండి. రెండో స్థాయిలో అవి +3.40, −6.80. కూడితే −3.40 రావాలి. రాకపోతే ఎక్కడో ఒక మైనస్ జారిపోయినట్టే.